మెట్రో నష్టం రైలుది కాదు, అప్పుది
యాజమాన్యం మారినా వడ్డీ మారదు. తార్నాక ప్రయాణికుడు అడగవలసిన ప్రశ్నలు

తార్నాక: ఉదయం తొమ్మిది గంటల వేళ తార్నాక చౌరస్తాలో నిలబడితే జనం రెండు అంతస్తులుగా కదలడం కనిపిస్తుంది. నేల మీద బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు. తల మీద నాగోలు నుంచి రాయదుర్గం దాకా పోయే మెట్రో రైళ్లు. స్టేషన్ మెట్లు దిగినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు మళ్లే విద్యార్థులున్నారు, పరిశోధన సంస్థల ఉద్యోగులున్నారు, ఆర్టీసీ ఆసుపత్రికి వచ్చే రోగులున్నారు. రద్దీ వేళల్లో మూడు పెట్టెల రైలులో నిలబడడానికి చోటు దొరికితే అదే పదివేలు.

ఇంత జనం ఎక్కే రైలుకు నష్టం ఎలా వస్తుందన్నది ఈ ప్రాంతంలో తరచు వినిపించే ప్రశ్న. నష్టం వస్తున్న మాట నిజం. ఈ రైలును నిర్మించి నడిపిన ఎల్ అండ్ టీ మెట్రో రైలు (హైదరాబాద్) లిమిటెడ్ 2024-25 ఆర్థిక సంవత్సరంలో సుమారు 626 కోట్ల రూపాయల నష్టం చూపింది. 2025 మార్చి నాటికి పేరుకుపోయిన నష్టం సుమారు 6,600 కోట్లు. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఈ వ్యవస్థను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి, మాతృసంస్థ ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. ఒప్పందం ప్రకారం కంపెనీకి ఉన్న సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం మీదికి వస్తుంది. ఎల్ అండ్ టీ పెట్టిన వాటాధనానికి ప్రతిగా సుమారు 2,000 కోట్లు ముట్టజెప్పాలి.

అంటే ఇకమీదట ఈ కంపెనీ జమాఖర్చులు ఏదో ముంబాయి సంస్థ సొంత వ్యవహారం కాదు. తార్నాకలో టిక్కెట్ కొనేవాడూ, అసలు మెట్రో ఎక్కని మహబూబ్‌నగర్ రైతూ ఇందులో భాగస్వాములే. కనుక ఈ పద్దును సామాన్యుడికి అర్థమయ్యేలా విప్పి చూడడం అవసరం.

కాగితాల మీది ఆశలు

ఈ కథ ఎల్ అండ్ టీతో మొదలు కాలేదు. 2008లో మొదటిసారి టెండర్లు పిలిచినప్పుడు మేటాస్ నాయకత్వంలోని బృందం, తమకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వనక్కరలేదనీ, ఎదురు తామే ఒప్పంద కాలంలో 30,311 కోట్లు ప్రభుత్వానికి చెల్లిస్తామనీ ముందుకు వచ్చింది. ప్రపంచంలో ఏ మెట్రో అయినా ప్రభుత్వ సహాయం అడుగుతుంటే, ఇక్కడ మాత్రం ఎదురు డబ్బు ఎలా వస్తుందని ఢిల్లీ మెట్రో సారథి ఇ. శ్రీధరన్ అప్పుడే బహిరంగంగా సందేహం వెలిబుచ్చారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల బండారం బయటపడింది. అదే కుటుంబానికి చెందిన మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోవడంతో ఆ ఏడాది జూలైలో కాంట్రాక్టు రద్దయింది.

రెండవసారి 2010లో ఎల్ అండ్ టీ ఎంపికైంది. సెప్టెంబరు 4న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఎదురు డబ్బు మాట పోయి, ప్రభుత్వమే 1,458 కోట్ల లోటు భర్తీ గ్రాంటు ఇచ్చేట్టు నిర్ణయమైంది. రెండేళ్ల వ్యవధిలో ఒకే మార్గానికి 30,311 కోట్లు ఇస్తామన్న వారొకరు, 1,458 కోట్లు కావాలన్న వారొకరు. ఇలాంటి ప్రాజెక్టుల్లో అంచనా అనే మాటకు ఉన్న విలువ ఎంతో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఎల్ అండ్ టీ తొలి అంచనా 16,375 కోట్లు. అందులో గ్రాంటు 1,458 కోట్లు పోగా, కంపెనీ సొంతంగా పెట్టే వాటాధనం 3,439 కోట్లు. మిగిలిన 11,478 కోట్లూ అప్పే. స్టేట్ బ్యాంకు నాయకత్వంలోని బ్యాంకుల బృందం 2011లో ఆ అప్పు ఇచ్చింది. అంటే ప్రతి నూరు రూపాయల్లో డెబ్బయి రూపాయలు వడ్డీకి తెచ్చినవే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాతి కథంతా సులభంగా అర్థమవుతుంది.

ఆటో లెక్క, మెట్రో లెక్క

కంపెనీ పద్దు చదవడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. చౌరస్తాలో నిలబడిన ఆటో డ్రైవర్ పద్దు లాంటిదే ఇదీ. రోజంతా తిరిగితే వచ్చే కిరాయి అతని ఆదాయం. గ్యాసు, మరమ్మతులు, టైర్లు అతని నిర్వహణ ఖర్చు. కిరాయిలోంచి ఈ ఖర్చు పోగా ఏమైనా మిగిలితే ఆటో నడుపుకోవడం గిట్టుబాటే.

కాని అతనికి మరో రెండు బరువులున్నాయి. ఫైనాన్సు కంపెనీకి కట్టవలసిన కిస్తీ ఒకటి. ఏటేటా పాతబడుతున్న ఆటో విలువ రెండవది. ఈ రెండవదాన్ని లెక్కల భాషలో తరుగుదల అంటారు. ఇది జేబులోంచి పోయే డబ్బు కాదు, అయినా రేపు కొత్త ఆటో కొనాలంటే ఇవాళే పక్కన పెట్టుకోవలసిన డబ్బు. కిరాయి బాగానే వస్తున్నా కిస్తీ భారీగా ఉంటే ఆ డ్రైవర్ నెలాఖరుకు అప్పుల్లోనే ఉంటాడు. అప్పుడు అతన్ని చూసి ఆటో నష్టంలో నడుస్తోందంటే సరికాదు. అతను ఆటోను కొన్న తీరు నష్టంలో ఉంది.

మెట్రో సంగతీ ఇంతే. టిక్కెట్లు, మాల్స్ అద్దెలు, ప్రకటనలు దాని కిరాయి. కరెంటు, జీతాలు, మరమ్మతులు దాని గ్యాసు. అప్పు మీది వడ్డీ దాని కిస్తీ. కంపెనీ చూపే నికర నష్టం ఇవన్నీ తీసివేశాక తేలిన అంకె. ఆ ఒక్క అంకెను పట్టుకుని జనం ఎక్కడం లేదనడం ఎంత పొరపాటో, టిక్కెట్ పెంచితే సరిపోతుందనడమూ అంతే పొరపాటు.

అయిదేళ్ల పద్దు

తార్నాక స్టేషన్ 2017 నవంబరు 29 నుంచి ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్ల మార్గమే ఉండేది. జూబ్లీ బస్ స్టేషన్ - మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గం 2020 ఫిబ్రవరి 7న మొదలవడంతో మొత్తం 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఒప్పందం ప్రకారం 2017 జూలైకే ముగియవలసిన పని అది. స్థల సేకరణ జాప్యం, మార్గం మార్పుల మీద వివాదాలు కలిసి రెండున్నరేళ్లు తినేశాయి. ఆ కాలమంతా వడ్డీ పెరుగుతూనే ఉంది.

పూర్తయిన ఆరు వారాలకు కరోనా వచ్చిపడింది. 2020 మార్చి 22న ఆగిన రైలు తిరిగి సెప్టెంబరు 7న గాని కదలలేదు. రైలు ఆగింది గాని వడ్డీ ఆగలేదు. 2020-21లో సుమారు 1,767 కోట్లు, 2021-22లో సుమారు 1,746 కోట్లు నష్టం వచ్చింది. ఇప్పటిదాకా పేరుకుపోయిన 6,600 కోట్లలో సగానికి పైగా ఈ రెండేళ్ల పుణ్యమే.

ఆ తర్వాత పరిస్థితి కొంత తెరిపిన పడింది. 2022-23లో నష్టం 1,316 కోట్లకు, 2023-24లో 555 కోట్లకు తగ్గింది. ఉద్యోగులు, విద్యార్థులు తిరిగి రైలెక్కడం ఇందుకు ఒక కారణం. 2021 చివరిలో పాత బ్యాంకు అప్పును బాండ్లు, తదితర రుణపత్రాల ద్వారా తక్కువ వడ్డీకి మార్చుకోవడం రెండవ కారణం. రాష్ట్ర ప్రభుత్వం 3,000 కోట్ల సులభ రుణానికి ఒప్పుకుని అందులో 900 కోట్లు విడుదల చేయడం మూడవది. రాయదుర్గం వద్ద స్థిరాస్తి హక్కులు అమ్మగా వచ్చిన డబ్బు నాలుగవది.

ఈ నాలుగవ కారణాన్ని కాస్త జాగ్రత్తగా చూడాలి. 2023-24లో కంపెనీ ఆదాయం సుమారు 1,399 కోట్లు. మరుసటి ఏడాది అది 1,109 కోట్లకు తగ్గింది, నష్టం మళ్లీ 626 కోట్లకు పెరిగింది. ఆస్తి అమ్మిన ఏడాది పద్దు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. పొలం అమ్మిన ఏడు ఇంట్లో పండుగ జరిగినట్టే. అది పంట డబ్బు కాదు. ఏ కంపెనీ పద్దు చూసినా ఏటా వచ్చే రాబడి ఎంత, ఒక్కసారికి వచ్చిన రాబడి ఎంత అని విడదీసి చూడాలనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

ఒక్క ప్రయాణం మీద ఎంత?

కోట్ల లెక్క సామాన్యుడికి అందదు. దానిని ఒక్క ప్రయాణానికి కుదించి చూద్దాం. మెట్రోలో రోజుకు సుమారు నాలుగున్నర లక్షల ప్రయాణాలు అనుకుంటే ఏడాదికి పదహారు కోట్ల పైచిలుకు. 2024-25 ఆదాయం 1,109 కోట్లను దీనితో భాగిస్తే ఒక్కో ప్రయాణానికి 67 రూపాయల చిల్లర వస్తుంది. ఇది టిక్కెట్ డబ్బు ఒక్కటే కాదు, అద్దెలు, ప్రకటనలు తదితరాలన్నీ కలిపి. అదే విధంగా 626 కోట్ల నష్టాన్ని భాగిస్తే ఒక్కో ప్రయాణం మీద 38 రూపాయలు.

ఇప్పుడు వడ్డీ సంగతి చూద్దాం. అప్పు 13,000 కోట్లు. నూటికి ఏడాదికి ఒక్క రూపాయి వడ్డీ అనుకుంటే 130 కోట్లు. ఎనిమిది రూపాయలనుకుంటే 1,040 కోట్లు, అంటే ఒక్కో ప్రయాణం మీద 63 రూపాయలు. తార్నాకలో ఎక్కి సికింద్రాబాదులో దిగేవాడు కొనే టిక్కెట్ ఆ వడ్డీలో సగానికీ సరిపోదు.

ఎనిమిది శాతం ఎక్కువనిపిస్తే అయిదు శాతమే అనుకుందాం. అప్పుడూ వడ్డీ 650 కోట్లవుతుంది. ఏడాది నష్టం 626 కోట్లే. ఎలా లెక్క వేసినా ఒక సంగతి తేటతెల్లమవుతోంది. వడ్డీ అనేదే లేకపోతే ఈ రైలుకు నష్టమనేది లేదు. కరెంటు బిల్లు కట్టి, జీతాలిచ్చి, పట్టాలు, పెట్టెలు బాగు చేసుకుని, తరుగుదలకు కూడా కొంత తీసి పెట్టగల రైలు ఇది. అది మోయలేకపోతున్నది తన సొంత బరువు కాదు, తనను కట్టిన అప్పు బరువు.

టిక్కెట్ పెంచి దీనిని తీర్చవచ్చా? 2025 మే 17న కనీస చార్జీని 10 రూపాయల నుంచి 12కు, గరిష్ఠ చార్జీని 60 నుంచి 75కు పెంచారు. ప్రజల్లో వ్యతిరేకత రావడంతో వారం తిరగకముందే పది శాతం తగ్గింపు ప్రకటించారు. నష్టమంతా టిక్కెట్ మీదనే రాబట్టాలంటే సగటున ప్రతి ప్రయాణానికి ఇంకా 38 రూపాయలు వేయాలి. అప్పుడు ఎక్కేదెవరు? బెంగుళూరులో 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ చార్జీని ఒక్కసారిగా 60 నుంచి 90 రూపాయలకు పెంచగానే ప్రయాణికులు తగ్గారు. కొద్దిరోజుల్లోనే కొన్ని దూరాలకు పెంపును సవరించక తప్పలేదు.

అంచనా ఎక్కడ తప్పింది?

ప్రాజెక్టు పూర్తయిన తొలినాళ్లలోనే రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారనీ, 2024 నాటికి 22 లక్షలవుతారనీ మొదట లెక్క కట్టారు. ఎక్కుతున్నవారు అందులో మూడోవంతు కూడా లేరు. 15 లక్షల మందే ఎక్కి ఉంటే పైన చెప్పిన 63 రూపాయల వడ్డీ భారం ఒక్కో ప్రయాణానికి 19 రూపాయలయ్యేది. కంపెనీ కుప్ప కూలిందంటే ఆ 15కు, ఈ నాలుగున్నరకు మధ్య ఉన్న తేడాలోనే కూలింది.

ఎందుకు ఎక్కలేదు? తార్నాక స్టేషన్ దిగిన విద్యార్థినే చూడండి. ఆర్ట్స్ కాలేజీకి చేరాలంటే ఇంకా నడక అయినా ఉంది, బస్సు అయినా ఉంది, ఆటో అయినా ఉంది. మెట్రో టిక్కెట్‌కు ఆటో కిరాయి కలిపితే నెల ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆర్టీసీ బస్సు పాసు ఉన్నవాడికి ఆ పాసు చాలు. కాచిగూడ వైపు నుంచి వచ్చేవారికి ఎంఎంటీఎస్ రైలు మార్గంలో ఆర్ట్స్ కాలేజీ పేరుతో స్టేషనే ఉంది. ఒకే పాసుతో బస్సు, లోకల్ రైలు, మెట్రో మూడూ ఎక్కే ఏర్పాటు ముందే ఉండి ఉంటే లెక్క మరోలా ఉండేది. 2023 జూలైలో మెట్రో విద్యార్థులకు 20 ప్రయాణాల డబ్బుతో 30 ప్రయాణాలు ఇచ్చే పాసు తెచ్చింది. అది మంచి ఆలోచనే గాని, బస్సు పాసుతో పోటీ పడే ధర కాదు.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఎందరో పేద మహిళలకు, విద్యార్థినులకు అది వరమయింది. ఆ టిక్కెట్ల డబ్బు ఆర్టీసీకి ప్రభుత్వం చెల్లిస్తుంది. మెట్రోకు మాత్రం ప్రయాణికులు తగ్గారని కంపెనీ మొర పెట్టుకుంది. ఒకే ప్రభుత్వ విధానం ఒక వాహనాన్ని నింపి మరో వాహనాన్ని ఖాళీ చేస్తే, ఆ రెంటి లెక్కా ఒకే చోట చూసేవారు ఉండాలి. ఇంతకాలం అలా చూసినవారు లేరు.

ఇందులో మరో చిక్కు ఉంది. కంపెనీ దగ్గర ఉన్నవి 57 రైళ్లు, ఒక్కోదానికి మూడేసి పెట్టెలు. ఉదయం, సాయంత్రం కిక్కిరిసిపోతాయి. జనాన్ని పెంచుకోవాలంటే పెట్టెలు పెంచాలి. పెట్టెలు కొనాలంటే పెట్టుబడి కావాలి. నష్టాల్లో ఉన్న కంపెనీకి పెట్టుబడి పుట్టదు. ఇదొక విషవలయం. ఇరుకు చూసి జనం రారు, జనం రాక డబ్బు రాదు, డబ్బు లేక ఇరుకు తీరదు.

భూమి మీద పెట్టుకున్న ఆశ

టిక్కెట్లతో మెట్రో గట్టెక్కదని మొదటినుంచీ తెలుసు. అందుకే రాబడిలో సగం టిక్కెట్ల నుంచి, 45 శాతం స్థిరాస్తి నుంచి, మిగిలిన అయిదు శాతం ప్రకటనలు, పార్కింగు వంటి వాటి నుంచి వస్తుందని అంచనా వేశారు. కోటీ 85 లక్షల చదరపు అడుగుల మేర భవనాలు కట్టుకోవడానికి కంపెనీకి హక్కు ఇచ్చారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో నాలుగు మాల్స్ లేచాయి. అనుమతించిన విస్తీర్ణంలో చాలా భాగం మాత్రం కాగితాల మీదే మిగిలింది.

ఈలోగా మెట్రో పక్కన ఇళ్ల అద్దెలు, స్థలాల ధరలు పెరగలేదా అంటే, పెరిగాయి. స్టేషన్‌కు నడిచిపోయే దూరమన్న మాట తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ ప్రాంతాల ఇళ్ల ప్రకటనల్లో చోటు చేసుకుంది. ఆ పెరిగిన విలువ ఇళ్ల యజమానులకు, బిల్డర్లకు చేరింది గాని రైలు వేసిన కంపెనీకి చేరలేదు. హాంకాంగ్‌లో పద్ధతి వేరు. అక్కడి ఎంటీఆర్ సంస్థలో అత్యధిక వాటా ప్రభుత్వానిదే. స్టేషన్ల పక్క స్థలాలను రైలు రాకముందు ఉన్న ధరకు ఆ సంస్థకు ఇస్తారు. రైలు వచ్చాక పెరిగిన విలువలో వాటా ఆ సంస్థకే దక్కుతుంది. రైలు వేసినవాడికే రైలు తెచ్చిన విలువ అన్నది అక్కడి సూత్రం. మనం ఆ సూత్రంలో సగమే తెచ్చుకున్నాం.

ఇతర నగరాల అనుభవం

ప్రైవేటు మెట్రో తప్పుకోవడం మన దేశంలో ఇదే మొదలు కాదు. ఢిల్లీ విమానాశ్రయం మార్గాన్ని 2011లో ప్రారంభించిన రిలయన్స్ ఇన్‌ఫ్రా అనుబంధ సంస్థ 2013లోనే చేతులెత్తేసింది. ఆ ఏడాది జూలై 1 నుంచి ఢిల్లీ మెట్రో సంస్థే దాన్ని నడుపుతోంది. ఆ తగాదా కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో గాని తేలలేదు. గుర్‌గావ్ రాపిడ్ మెట్రో కూడా 2019లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ చేతుల్లోంచి ప్రభుత్వ పక్షానికి వచ్చింది.

ప్రైవేటువారు అసమర్థులు, ప్రభుత్వంవారు సమర్థులు అని దీని అర్థం కాదు. తేడా అంతా అప్పు దొరికే తీరులో ఉంది. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రోకు జపాను నుంచి చాలా తక్కువ వడ్డీకి, దీర్ఘకాలంలో తీర్చే పద్ధతిపై రుణం దొరికింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరిసగం వాటా పెట్టాయి. హైదరాబాదు మెట్రోకు దొరికింది మార్కెట్ వడ్డీ. ఒకే రకమైన రైలు, ఒకే రకమైన పట్టాలు, వడ్డీ రేటు ఒక్కటే తేడా. ఆ ఒక్క తేడా ఒక సంస్థను నిలబెడుతుంది, మరో సంస్థను ముంచుతుంది.

ప్రజలకు మిగిలిన లాభం

కంపెనీ పద్దులో కనబడని లాభాలు కూడా ఉన్నాయి. తార్నాక నుంచి హైటెక్ సిటీ దాకా రోడ్డు మీద వెళ్లేవాడికి పట్టే సమయానికీ, మెట్రోలో పట్టే సమయానికీ తేడా ప్రయాణికుడికే తెలుసు. ఆదా అయిన గంట, కాలని పెట్రోలు, తగ్గిన పొగ, రాత్రి పూట నిర్భయంగా ఇల్లు చేరిన ఆడపిల్ల, వీటిలో ఏదీ లాభనష్టాల ఖాతాకు ఎక్కదు. కంపెనీకి నష్టమైనది సమాజానికి లాభం కావచ్చు. విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాదిలోనే తెలిసే సంగతి ఇది.

అయితే ఈ వాదాన్ని అడ్డం పెట్టుకుని ఎంత నష్టమైనా ఫరవాలేదనడం కూడా ప్రమాదమే. సమాజానికి లాభం ఉందంటే ఆ లాభం ఎంతో, దానికి ప్రజాధనం ఎంత పెట్టవచ్చో ముందే తేల్చాలి. తేల్చకుండా పెట్టే డబ్బు సహాయం అనిపించుకోదు, చిల్లు అనిపించుకుంటుంది.

చేతులు మారితే ఏమవుతుంది?

ఎల్ అండ్ టీ ఈ ప్రాజెక్టులో పెట్టిన వాటాధనం సుమారు 5,900 కోట్లు. అందుకు 2,000 కోట్లు తీసుకుని తప్పుకోవడమంటే పెట్టినదాంట్లో మూడోవంతుతో సరిపెట్టుకోవడమే. కనుక కంపెనీకి దోచిపెట్టారన్న మాట ఈ అంకెల ముందు నిలవదు.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, అప్పు, కొనుగోలు ధర కలిపి సుమారు 15,000 కోట్లకు 69 కిలోమీటర్ల నడుస్తున్న మార్గం దక్కుతోంది. కిలోమీటరుకు 217 కోట్లు. రెండవ దశ కోసం 2024లో కేంద్రానికి పంపిన ప్రతిపాదన 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు, అంటే కిలోమీటరుకు 318 కోట్లు. ఈ లెక్కన కొనుగోలు ధర ఎక్కువని చెప్పలేం. రెండవ దశకు కేంద్రం ఆమోదం రావాలంటే మొదటి దశతో దాని అనుసంధానం తేలాలి. ప్రైవేటు కంపెనీ అందుకు సుముఖంగా లేకపోవడం కూడా ఈ నిర్ణయానికి ఒక కారణం.

కాని అసలు ప్రశ్న ధర కాదు. యాజమాన్యం మారినంత మాత్రాన 13,000 కోట్లు 12,999 కోట్లు కావు. ప్రభుత్వ హామీ మీద వడ్డీ ఒకటి రెండు శాతం తగ్గవచ్చు. ఒక్క శాతం తగ్గితే ఏటా 130 కోట్లు మిగులుతాయి, ప్రయాణానికి ఎనిమిది రూపాయలు. రెండు శాతమైతే పదహారు. ఇది చిన్న సంగతి కాదు, టిక్కెట్ పెంచకుండానే వచ్చే ఉపశమనం ఇది. అయితే మిగిలిన వడ్డీ ఎవరో ఒకరు కట్టాలి. ప్రయాణికుడు టిక్కెట్‌లో కడతాడా, పన్ను చెల్లించేవాడు బడ్జెట్‌లో కడతాడా, స్టేషన్ పక్క భూమి కడుతుందా? నాలుగవ దారి లేదు. ఈ మూడింటి మధ్య పంపకం ఎలాగన్నదే రాబోయే రోజుల్లో మెట్రో రాజకీయమంతా.

అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటిది, అప్పు ఏ వడ్డీకి, ఎన్నేళ్లకు? మెట్రో నూరేళ్లు ఉండే కట్టడం. దాని అప్పును పది, పన్నెండేళ్లలో తీర్చాలంటే ఏ టిక్కెట్టూ చాలదు. ముప్పయి, నలభయి ఏళ్లకు మార్చుకుంటేనే తార్నాక విద్యార్థి చేత మోయించగల బరువవుతుంది.

రెండవది, భూమి డబ్బు ఎక్కడికి పోతుంది? ఆస్తి హక్కులు అమ్మిన ప్రతి రూపాయీ అసలు అప్పు తీర్చడానికే వాడాలి. రోజువారీ ఖర్చుకు వాడితే రెండు మూడేళ్లు పద్దు పచ్చగా కనిపిస్తుంది, ఆ తర్వాత అమ్మడానికి ఏమీ ఉండదు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. 2023-24, 2024-25 పద్దులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ హెచ్చరిక అందులోనే ఉంది.

మూడవది అన్నింటికంటె ముఖ్యం. పద్దు ప్రజలకు కనబడుతుందా? ఇంతకాలం ఈ కంపెనీ ప్రైవేటుదైనా, దాని బాండ్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదై ఉన్నందున ఆదాయం ఎంతో, నష్టం ఎంతో ఎప్పటికప్పుడు బయటపెట్టవలసి వచ్చింది. ఈ వ్యాసంలోని అంకెలు మనకు తెలిసింది అందువల్లనే. రాష్ట్రాల ప్రభుత్వ రంగ సంస్థలు లెక్కలు సకాలంలో ముగించవన్నది కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికల్లో ఏటా కనిపించే ఫిర్యాదు. ప్రైవేటు చేతిలో ఉన్నప్పుడు వెలుగులో ఉన్న పద్దు, ప్రజల చేతికి వచ్చాక చీకట్లోకి పోతే అంతకంటె విడ్డూరం ఉండదు. ప్రతి మూడు నెలలకూ ప్రయాణికుల సంఖ్య, టిక్కెట్ రాబడి, వడ్డీ, భూమి రాబడి విడివిడిగా ప్రకటించాలని ఇప్పుడే నిబంధన పెట్టాలి.

ఈ పనిలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కూడా పాత్ర ఉంది. వాణిజ్య, అర్థశాస్త్ర విభాగాలు రెండూ ఈ రైలు మార్గానికి కూతవేటు దూరంలో ఉన్నాయి. ఏ విదేశీ కంపెనీ పద్దునో పాఠంగా చెప్పుకునే బదులు, రోజూ తమను మోసుకొచ్చే రైలు పద్దును ఏటా విశ్లేషించి ప్రజల ముందు పెడితే అది చదువుకు చదువు, సేవకు సేవ అవుతుంది.

నిజాం కాలంలో ఇక్కడ తీగ కంచె వేసిన నాకా ఉండేదనీ, తార్ నాకాయే తార్నాక అయిందనీ పెద్దలు చెబుతారు. నాకా అంటే దారిన పోయేవాణ్ని ఆపి లెక్క అడిగే చోటు. ఇప్పుడు ఆ దారి మీదుగా 13,000 కోట్ల అప్పు ప్రజల ఖాతాలోకి వస్తోంది. దాన్ని ఆపనక్కరలేదు. లెక్క అడిగితే చాలు.